ఊళ్ళో హెరిటేజ్ ట్రయల్ మొదలుపెట్టాలంటే: బందరు అనుభవం నుంచి భీమిలికి ఒక జవాబు

మీ ప్రశ్న సారాంశం ఇది. మీది భీమునిపట్నం. డచ్చివాళ్ళ సమాధులు, లైట్‌హౌస్, గడియార స్తంభం, పాత బంగళాలు, పావురాళ్ళకొండ కలిపి ఒక హెరిటేజ్ ట్రయల్ (ఊరి పాత చోట్లని కలుపుతూ నడిచి చూసే దారి) చెయ్యాలని మీరు ఐదుగురు స్నేహితులు అనుకున్నారు. మ్యాప్ గీసేశారు, క్యూఆర్ కోడ్ బోర్డుల డిజైన్ కూడా అయిపోయింది. పర్మిషన్ ఎవరిని అడగాలి, ఖర్చెంత అవుతుంది అని అడిగారు. ఆఖర్న ఒక మాట రాశారు: "రెండుసార్లు మీటింగ్ పెట్టాం, పట్టుమని పదిమంది రాలేదు. ఊళ్ళోవాళ్ళకి ఇంట్రెస్ట్ లేదండీ."

నేను ఆ ఆఖరి మాట నుంచే మొదలుపెడతాను. అది సర్దుకుంటే పర్మిషన్లూ ఖర్చులూ పెద్ద విషయాలు కావు. అది సర్దుకోకపోతే మీ బోర్డులు రెండేళ్ళలో తుప్పు పట్టి, వాటిమీద ట్యూషన్ పోస్టర్లు అంటించి ఉంటాయి.

నాది బందరు, అదే మచిలీపట్నం. ఆంధ్రా బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. పదకొండేళ్ళుగా ఆదివారం పొద్దున్నే జనాన్ని వెంటబెట్టుకుని మా ఊరి వీధులు తిరుగుతున్నాను. మీ భీమిలి, మా బందరు ఒకే కడుపున పుట్టినట్టుంటాయి. రెండూ ఓడరేవులు, రెండుచోట్లా డచ్చివాళ్ళు వ్యాపారం చేశారు, రెండుచోట్లా వాళ్ళ సమాధులు మిగిలాయి. అందుకే మాకు పనికొచ్చినవి మీకూ పనికొస్తాయని ధైర్యంగా చెబుతున్నాను.

మేం కూడా మీలాగే మ్యాప్‌తోనే మొదలుపెట్టాం. పుస్తకాలు చూసి పద్నాలుగు చోట్లు ఏరాం: కోటలో మిగిలిన ఆయుధాగారం, డచ్చి సమాధులు, 1843లో మొదలైన నోబుల్ కాలేజీ, 1910 నాటి ఆంధ్ర జాతీయ కళాశాల, 1902లో కృష్ణా పత్రిక పుట్టిన ఊరి ఆనవాళ్ళు, ఇలా. మొదటి నడకకి విజయవాడ, హైదరాబాదుల నుంచి నలభై మంది వచ్చారు. మెడలో కెమెరాలు, చేతిలో నీళ్ళ సీసాలు. బందరువాళ్ళు మాత్రం మేం నలుగురమే.

సమాధుల దగ్గరికి చేరేసరికి పదిన్నర అయింది. ఎండ నెత్తిమీదికి వచ్చేసింది. రాతి పలకల మీద అక్షరాలు ఎంత చూసినా కనపడటం లేదు. మా కుర్రాడు మైకులో పదిహేడో శతాబ్దం, కుటుంబ చిహ్నాలు అంటూ ఏదో చెబుతున్నాడు, వచ్చినవాళ్ళు నీడ కోసం వెతుక్కుంటున్నారు. ఎదురింటి అరుగు మీద ఒక మామ్మగారు బియ్యం ఏరుకుంటూ మమ్మల్నే చూస్తున్నారు. దాహమేసి మంచినీళ్ళు అడగడానికి వెళ్ళాను. చెంబు చేతికిచ్చి ఆవిడ అన్న మాట ఇది: "ఇప్పుడొస్తే ఏం కనపడతాయి నాయనా? ఏడింటికి రావాలి. పక్కనుంచి ఎండ పడితే అక్షరాలు లేస్తాయి."

అక్షరాలు లేస్తాయి అన్నారు. మర్నాడు ఏడింటికి నేనొక్కణ్ణే వెళ్ళాను. నిజంగానే లేచాయి. ముందురోజు నున్నగా కనిపించిన పలక మీద పెద్దక్షరాల వరసలు, డాలు బొమ్మ, చుట్టూ తీగలు తేలి కనిపించాయి. ఆవిడ ఆ ఇంటికి కోడలిగా వచ్చి యాభై ఏళ్ళు దాటింది. ఆ రాళ్ళని రోజూ పొద్దున, సాయంత్రం, వానలో, మంచులో చూసింది. మేం పుస్తకాల్లో వెతికినంతసేపూ ఆవిడ అక్కడే ఉంది, మేమే అడగలేదు.

మీ మీటింగుకి జనం ఎందుకు రాలేదంటే, మీటింగ్ మీది కాబట్టి. ఫంక్షన్ హాల్లో కుర్చీలు వేసి "మన వారసత్వాన్ని కాపాడుకుందాం" అని బ్యానరు కడితే, పొద్దున్నే చేపలమ్మే ఆవిడ, ఆటో నడిపే అబ్బాయి అది తమ కోసమని ఎందుకు అనుకుంటారు? మీరే వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. అరుగులు లేకపోతే టీ కొట్టు, రేవు దగ్గర వలలు బాగుచేసుకునే చోటు, గుడి మెట్లు, సెలూను. సెలూనుని తక్కువగా చూడకండి. మా ఊళ్ళో ఏ ఇల్లు ఎవరు ఎవరికి అమ్మారో, ఏ మేడ ఎప్పుడు కూలిందో నాకు ఎక్కువగా తెలిసింది అక్కడే.

ఇంకో కారణం కూడా ఉంది, అది ఎవరూ పైకి చెప్పరు. భయం. చేతిలో నోటుబుక్కు, ఫోన్లో మ్యాపు పెట్టుకుని ఇళ్ళకేసి చూస్తూ నడిచే మనిషిని చూస్తే మన ఊళ్ళలో జనానికి వచ్చే మొదటి అనుమానం "రోడ్డు వెడల్పు చేస్తారేమో" అని. రెండో అనుమానం, హెరిటేజ్ అంటే రేపు మా ఇంటికి సున్నం వేసుకోవాలన్నా ఎవరో వచ్చి ఆపేస్తారని. ఈ రెండోది ఉత్తి అనుమానం కూడా కాదు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలు నిషేధం, ఆ తరవాత ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణతో ఇది గట్టిగా వచ్చింది. సమాధుల పక్కన ఇల్లున్నవాళ్ళకి ఈ విషయం మీకంటే నాకంటే బాగా తెలుసు, ఎందుకంటే ఇల్లు కట్టుకోబోయి ఆగిపోయినవాళ్ళు వాళ్ళు. కాబట్టి మొదటిసారి కూర్చున్నప్పుడే సూటిగా చెప్పండి: మా బోర్డు వల్ల మీ ఇంటి మీద కొత్త రూలేదీ రాదు, ఉన్న రూలు మా వల్ల పోదు కూడా. పాత ఇంటి మరమ్మతుకి అనుమతి తీసుకునే దారి చట్టంలో ఉంది, ఆ దరఖాస్తు నింపడంలో మేం సాయం చేస్తాం అనండి. అన్నాక చెయ్యండి. మా బృందంలో ఒక ప్లీడరుగారు రెండిళ్ళవాళ్ళకి ఆ కాగితాలు సిద్ధం చేసిపెట్టారు. ఆ తరవాత ఆ వీధిలో మాకు తలుపు తియ్యనివాళ్ళు లేరు.

సరే, అరుగు ఎక్కారు. ఏం అడగాలి? "మీ వీధి చరిత్ర చెప్పండి" అని మాత్రం అడగకండి. "మాకేం తెలుసు బాబూ, చదువుకున్నవాళ్ళని అడగండి" అంటారు. మీరు ఈ ఇంటికి వచ్చినప్పుడు వీధి ఎలా ఉండేది? మంచినీళ్ళు ఎక్కణ్ణించి తెచ్చుకునేవాళ్ళు? పెళ్ళి ఊరేగింపు ఏ వీధిలోంచి వెళ్ళేది, ఏ వీధిలోకి వెళ్ళేది కాదు? ఇలా అడిగితే గంటసేపు చెబుతారు. ఆ ఊరేగింపు ప్రశ్న ఒక్కటి అడిగితే ఊరి కులాల గీతలన్నీ బయటపడతాయి. అది కూడా వారసత్వమే, మనకి నచ్చకపోయినా.

మేం బందరులో 1864 నవంబరు 1 నాటి ఉప్పెన గురించి అడగడం మొదలుపెట్టాం. ఆ రాత్రి సముద్రం ఊరి మీద పడి సుమారు 30,000 మంది పోయారని చరిత్రలో ఉంది. ఓడరేవుగా బందరు ఆ తరవాత మళ్ళీ కోలుకోలేదు. కానీ దాని గురించి అడిగిన ప్రతిచోటా జనం చెప్పింది 1977 నవంబరు 19 గురించి. దివిసీమ ఉప్పెన. మేం "అది కాదండీ, అంతకుముందుది" అంటూ వాళ్ళని ఆపేవాళ్ళం. ఒకరోజు దివిసీమ నుంచి వచ్చి బందరులో స్థిరపడిన ఒక పెద్దాయన, ఆ రాత్రి తాడిచెట్టు పట్టుకుని బతికినాయన, మా ప్రశ్న విని కాసేపు మాట్లాడలేదు. "నేను చూసింది మీకు అక్కర్లేదా?" అన్నారు. నాకు గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది. ఆ వారమే రూటు మార్చాం. ఇప్పుడు 1864 గురించి పుస్తకంలో ఉన్నది నేను రెండు నిమిషాల్లో చెప్పి ఊరుకుంటాను. 1977 గురించి ఆయనే చెబుతారు, ఓపిక ఉన్నంతసేపు. ఓపిక లేని రోజు ఆ చోట నిలబడి ముందుకి వెళతాం.

మీ లిస్టు విషయానికి వస్తాను. నొచ్చుకోకండి, మీ లిస్టులో పావురాళ్ళకొండ తప్పిస్తే దాదాపు అన్నీ పరదేశీయుల గుర్తులే. డచ్చివాళ్ళ సమాధులు చూపించండి, తప్పకుండా చూపించాలి. కానీ ఆ డచ్చివాడు ఒడ్డుకి ఎలా చేరాడు? మన తీరంలో పెద్ద ఓడలు ఒడ్డుదాకా రాలేవు. దూరంగా లంగరు వేసుకుంటే, విరిగిపడే కెరటాల్లోంచి సరుకునీ మనుషుల్నీ దాటించినవాళ్ళు మన పడవవాళ్ళు. అప్పట్లో ఇంగ్లీషువాళ్ళు "మసూలా బోటు" అన్న పడవ ఉండేది. దానికి మేకు ఉండదు. పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవాళ్ళు. కెరటం కొడితే మేకులు కొట్టిన పడవ పగులుతుంది, కుట్టిన పడవ ఒంగి నిలబడుతుంది. ఆ పడవ నడిపినవాళ్ళకి రాతి సమాధి లేదు, వాళ్ళ మునిమనవలు మాత్రం మీ ఊరి రేవులోనే ఉన్నారు. మీ నడక సమాధుల దగ్గర మొదలైతే మత్స్యకారుల పేటలో ఆగాలి. అక్కడ చెప్పేది మీరు కాకూడదు. అలాగే చిట్టివలస జూట్ మిల్లు. అది మూతపడ్డా అందులో షిఫ్టులు చేసినవాళ్ళు ఉన్నారు. మిల్లు సైరనుకి ఊళ్ళో వంటలు ఏ వేళకి అయ్యేవో వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళని అడిగి చూడండి.

వీధి పేర్లతో కూడా చాలా పని జరుగుతుంది. మా ఊళ్ళో వలందపాలెం ఉంది, పరాసుపేట ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది. డచ్చివాళ్ళు, ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు ముగ్గురూ ఆ మూడు పేర్లలో ఉన్నారు. ఇంగ్లీషు కంపెనీ మా ఊళ్ళో 1611లో దిగింది, డచ్చివాళ్ళు అంతకంటే ముందే వచ్చారు. కోట 1750లో ఫ్రెంచివాళ్ళ చేతికి వెళ్ళి, 1759లో ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. ఈ తేదీలు ఎంత చెప్పినా పిల్లలకి గుర్తుండవు. "మీ బస్సు ఆగే పాలెం పేరులో ఎవరున్నారు?" అని అడిగితే మాత్రం జన్మలో మర్చిపోరు.

కానీ ఈ పేర్ల దగ్గరే మేం ఒక పెద్ద తప్పు చేశాం. ఒక చిన్న పేటకి పాత రికార్డుల్లో ఉన్న పేరు దొరికింది. ఎంతో సంబరపడి ఆ పేరుతో బోర్డు రాయించి వీధి మొదట్లో పెట్టాం. మూడోరోజుకి బోర్డు లేదు. ఎవరో ఆకతాయిలు పీకేశారని కోప్పడ్డాం. వెళ్ళి అడిగితే, పీకింది ఆ పేట పెద్దలే. అది వాళ్ళ కులాన్ని కించపరిచే పేరు. దాన్ని మార్పించుకోవడానికి వాళ్ళ నాన్నలు ఆఫీసుల చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగారు. కొత్త పేరు పెట్టుకున్న రోజున పేటంతా అన్నాలు పెట్టుకున్నారు. మేం చరిత్ర అనుకుని ఆ పాత అవమానాన్ని మళ్ళీ వీధి మొదట్లో నిలబెట్టాం. పదిమంది ముందు క్షమాపణ చెప్పాను. ఇప్పుడు అక్కడ ఉన్న పలక మీద పాత పేరు లేదు. కొత్త పేరు ఎలా వచ్చిందో ఉంది. మాటలు వాళ్ళవే, అచ్చుతప్పులు మాత్రం మేం చూశాం. అప్పటినుంచి మాకు ఒకటే నియమం: ఏ వీధి గురించి రాసినా, ఆ వీధిలో కనీసం ఐదిళ్ళవాళ్ళకి చదివి వినిపించాకే అచ్చుకి వెళుతుంది. చదివి వినిపించాలి, కాగితం ఇచ్చి రావడం కాదు.

పనిచేసే చోట్లకి జనాన్ని తీసుకెళ్ళడం ఇంకా జాగ్రత్తగా చెయ్యాల్సిన పని. మా పక్కనే పెడన. కలంకారీ అద్దకం అక్కడ ఇప్పటికీ బతుకుతెరువు. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. మొదట్లో మేం ఇరవైమందిని ఒకేసారి కార్ఖానాలోకి తీసుకెళ్ళాం. ఆరబెట్టిన గుడ్డ మీద ఒకాయన చెప్పుకాలు వేశాడు. పనివాడు ఏమీ అనలేదు. గుడ్డ తీసి చూసుకుని, మడిచి పక్కన పెట్టాడు. అతని రెండురోజుల పని అది.

ఇప్పుడు ఆరుగురికి మించి లోపలికి వెళ్ళం, ఏ రోజు రావాలో వాళ్ళే చెబుతారు. అలా వెళితే ఎంత చూడొచ్చో చెబుతాను. గుడ్డని ముందు కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరేస్తారు. పాలలో కొవ్వు ఉండటం వల్ల రంగు పక్కకి పాకదు. ఆ గుడ్డ దగ్గరికి వెళితే కొంచెం పుల్లటి పాలవాసన వస్తుంది. నల్లరంగుకి తుప్పు ఇనుము, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి నానబెడతారు. ఎరుపు దగ్గరే వచ్చినవాళ్ళు నోరు తెరుస్తారు. అచ్చు ముంచేది ఎర్రరంగులో కాదు, పటిక కలిపిన ద్రావణంలో. అచ్చు పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతారు. ఆ తరవాత రంగునిచ్చే చెట్ల వేర్లు, చెక్కలు వేసి మరిగించే కాగులో గుడ్డ వేస్తే పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది, మిగతాచోట నిలవదు. కాగులోంచి గుడ్డ పైకి లేపినప్పుడు నీళ్ళు కారుతూ పువ్వులు ఎర్రగా కనిపిస్తాయి. ఇది చూపించేది నేను కాదు, ఆ కాగు దగ్గర నిలబడే మనిషి. నేను అప్పుడు నోరు మెదపను.

డబ్బు గురించి ఇక్కడే చెప్పేస్తాను. మేం నడకకి మనిషికి 150 రూపాయలు తీసుకుంటాం. పెడన వెళ్ళిన రోజున అందులో 60 కార్ఖానాకి వెళుతుంది. వాళ్ళు పని ఆపి చెబుతున్నారు, ఆ సమయం వాళ్ళ కూలి. అరుగు మీద కథ చెప్పే పెద్దలకి డబ్బు ఇవ్వబోతే కొందరు బాధపడతారు. వాళ్ళకి పండక్కి బట్టలో, మందులో, ఏది మర్యాదగా ఉంటే అది. టిఫిన్ మాత్రం దారిలో ఉన్న హోటల్లోనే తినాలి, బయటినుంచి పార్సిల్స్ రాకూడదు. చివర్న బందరు లడ్డూ ఉండనే ఉంది. బొందిలీల కుటుంబాలు ఉత్తరాది నుంచి తెచ్చిన మిఠాయి అంటారు. 2017లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది. రోకలితో పిండి దంచేచోట నిలబడి తింటే ఆ రుచి వేరు. అక్కడ బేరమాడొద్దని ముందే చెబుతాం.

ఖర్చు ఎంతని అడిగారు. మొదటి ఏడాది మేం బోర్డుల మీద ఒక్క రూపాయి పెట్టలేదు, మీరూ పెట్టకండి. సముద్రపు గాలి ఇనుముని ఎంత తొందరగా తింటుందో మీకు తెలుసు. ఫ్లెక్సీ ఒక వేసవికి వెలిసిపోతుంది. క్యూఆర్ స్టిక్కరుని పిల్లలు గోటితో గీకేస్తారు. ఏడాదిపాటు కథలు స్థిరపడనివ్వండి. తప్పులు ఆ ఏడాదిలో బయటపడతాయి. ఆ తరవాత పెట్టాలనుకుంటే నాపరాయి పలక మీద చెక్కించండి. తక్కువ మాటలు, తెలుగు పైన, ఇంగ్లీషు కింద. మొదటి ఏడాది ఖర్చంతా టీలు, జిరాక్సులు, ఒక మంచి స్కానరు.

ఆ స్కానరు ఎందుకో చెబుతాను. ఏడాదికి ఒకసారి మేం కోనేరు సెంటరుకి దగ్గర్లో ఒక బడిలో టేబుళ్ళు వేసుకుని కూర్చుంటాం. ఇంట్లో పాత ఫోటో, కాగితం, వస్తువు ఏదైనా పట్టుకురండి అని ముందే చెబుతాం. మొదటిసారి ఎవరూ ఫోటోలు తేలేదు. కారణం, చాలా ఏళ్ళ కిందట ఎవరో పుస్తకం వేస్తామని ఇంటింటికీ తిరిగి పెళ్ళిఫోటోలు పట్టుకెళ్ళి తిరిగి ఇవ్వలేదట. ఆ దెబ్బ ఇంకా మానలేదు. అందుకని మేం ఏదీ ఉంచుకోం. వాళ్ళ కళ్ళముందే స్కాన్ చేసి, వస్తువు చేతికిచ్చి, ఒక కాపీ ప్రింటు కూడా ఇచ్చి పంపుతాం. ఎవరెవరు చూడొచ్చో వాళ్ళే రాసి సంతకం పెడతారు. రెండో ఏడాది ఒక రిటైర్డు హమాలీ తన పాస్‌బుక్కు తెచ్చారు. ఆంధ్రా బ్యాంకుది. పట్టాభి సీతారామయ్యగారు 1923లో మా ఊళ్ళోనే పెట్టిన బ్యాంకు అది, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. "బోర్డు మార్చేశారు కదా, ఇదైనా ఉండనీ అని దాచానండి" అన్నారాయన. అందులో మొదటి ఎంట్రీ ఐదు రూపాయలు. నేను పనిచేసిన బ్యాంకు అది, అందుకేనేమో స్కానరు మీద పెట్టడానికి కూడా చెయ్యి ఆడలేదు.

నిజం, నమ్మకం కలగలిసినప్పుడు ఏం చెయ్యాలన్నది మీకు తొందర్లోనే ఎదురవుతుంది. కోట ఉన్న ప్రతి ఊళ్ళోనూ ఒక సొరంగం ఉంటుంది, అది ఎక్కడికో పోతుంది. మా ఊళ్ళో చెబుతారు, మీ ఊళ్ళోనూ ఎవరో చెబుతారు. దాన్ని కొట్టిపారెయ్యకండి, బోర్డు మీద నిజమని రాయకండి. నడకలో చెప్పేటప్పుడు "కాగితాల్లో ఉన్నది ఇది, మా పెద్దవాళ్ళు చూసింది ఇది, ఊళ్ళో చెప్పుకునేది ఇది" అని మూడు మాటలుగా చెప్పడం అలవాటు చేసుకోండి. పావురాళ్ళకొండ మీద రాతిలో తొలిచిన నీటి తొట్లు బౌద్ధ భిక్షువుల నాటివి. అదే కొండ నరసింహస్వామిది కూడా. ఊరి పేరులో భీముడు ఉన్నాడు. ఈ మూడిటికీ చోటుంది. ఒకదాన్ని నిలబెట్టడానికి ఇంకొకదాన్ని తోసెయ్యాలని ఎవరైనా వస్తే ఆ చర్చని నడకలోకి రానివ్వకండి, టీ దగ్గర పెట్టుకోండి.

పర్మిషన్లు. గేటు దగ్గర పురావస్తు శాఖ నీలం బోర్డు ఉంటే అది కేంద్రం రక్షణలో ఉన్నది. లోపల గుంపుగా కార్యక్రమం, వీడియో, డ్రోన్, బోర్డు ఏదైనా వాళ్ళకి రాసి అడగాలి. మామూలుగా నడిచి చూడటానికి ఇబ్బంది ఉండదు. రాష్ట్ర శాఖ రక్షణలో ఉన్నవి వేరు, వాటికి 1960 నాటి రాష్ట్ర చట్టం. రోడ్డు పక్కన ఏం పాతాలన్నా మీకు ఇప్పుడు విశాఖ కార్పొరేషన్ అనుమతి కావాలి. సొంత బంగళాలకి యజమాని రాతపూర్వక అంగీకారం తీసుకోండి, అది ఏ క్షణమైనా వెనక్కి తీసుకునే హక్కు ఆయనకుందని అందులోనే రాయండి. పోలీస్ స్టేషన్లో ఒక ఉత్తరం ఇచ్చి ఉంచండి. ఎర్రమట్టి దిబ్బలని కూడా కలుపుదామనుకుంటే, జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించిన చోటు అది, దిబ్బల అంచుల మీద నడవనివ్వకండి. పదిమంది నడిస్తే చాలు, వానకి ఆ దారి కాలువవుతుంది.

రాళ్ళ మీద కూడా చెయ్యి వెయ్యనివ్వకండి. అక్షరాలు కనపడటం కోసం సుద్ద, పిండి, నూనె రుద్దే అలవాటు ఉంది. రాయి పాడైపోతుంది.

దూరం గురించి ఒక్క మాట. మీ మ్యాపులో ఉన్నవన్నీ ఒకే పూటలో కుదరవు. అహ్మదాబాదులో 1997 నవంబరు 19న అక్కడి మున్సిపల్ కార్పొరేషనే హెరిటేజ్ వాక్ మొదలుపెట్టింది. కాలూపూర్ స్వామినారాయణ మందిరం దగ్గర బయలుదేరి పాతబస్తీ పోళ్ళలోంచి (ఇరుకు సందుల పాత పేటల్లోంచి) జామా మసీదు దగ్గర ఆగుతుంది. నేను వెళ్ళి నడిచాను. ఇళ్ళవాళ్ళు పళ్ళు తోముకుంటూ, పావురాలకి గింజలు వేస్తూ ఉంటారు, మనం వాళ్ళ మధ్యలోంచి వెళతాం. ఒక్కో చోట రెండు మూడు నిమిషాలే. 2017లో ఆ నగరానికి యునెస్కో గుర్తింపు రావడానికి ఇరవై ఏళ్ళ ముందునుంచే రోజూ ఆ నడక సాగుతూ ఉంది. మీరు కూడా రెండు కిలోమీటర్లు దాటనివ్వకండి. మీ ఇంట్లో అరవై దాటినవాళ్ళతో, చంటిపిల్లతో ఉన్న తల్లితో ఒకసారి నడిచి చూడండి. ఎక్కడ కూర్చోవాలి, ఆడవాళ్ళకి బాత్రూమ్ ఎక్కడ, నీడ ఎక్కడ అన్నది వాళ్ళతో నడిస్తేనే తెలుస్తుంది. మా నడకలో ఆడవాళ్ళు పెరగడానికి కారణం ఒక చర్చి పాస్టరుగారు బాత్రూమ్ తాళం మాకు ఇచ్చి ఉంచడం. బోర్డులు చెయ్యలేని పని ఆ తాళంచెవి చేసింది.

చెప్పే మనుషులని ఇప్పటినుంచే తయారుచేసుకోండి. ఎనిమిది, తొమ్మిది క్లాసుల పిల్లలు బాగా పనికొస్తారు. వాళ్ళ నాయనమ్మ దగ్గర విన్నదాన్నే వాళ్ళచేత చెప్పించండి. పిల్ల మాట్లాడుతుందంటే అమ్మానాన్నా వస్తారు, వాళ్ళతో పక్కింటివాళ్ళూ వస్తారు. మీరు "ఇంట్రెస్ట్ లేదు" అన్న జనం వీళ్ళే.

తేదీ విషయంలో ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం అని ఆశపడకండి, ఆ ఎండలో ఎవరూ రెండోసారి రారు. కార్తీకం దాటాక, తుపానుల టెన్షన్ తగ్గాక పెట్టుకోండి.

వచ్చే ఆదివారం మీరొక్కరే వెళ్ళండి. మ్యాపు, కెమెరా వద్దు. జేబులో ఒక చిన్న అద్దం వేసుకుని పొద్దున్నే ఏడింటికల్లా సమాధుల దగ్గర ఉండండి. ఎండ సరిగ్గా పడని పలకకి అద్దంతో పక్కనుంచి వెలుగు వెయ్యండి, చెయ్యి మెల్లగా వంచుతూ పోతే ఒకచోట అక్షరాలు లేస్తాయి. ఎవరో ఒక పిల్లవాడు ఏం చేస్తున్నారని అడగడానికి వస్తాడు. అద్దం వాడి చేతికివ్వండి.